ఇంట్లో పెద్ద పిల్లి ఉండగా కొత్త కూనను తెచ్చుకోవడం ఎలా

కిందటేడు వానల్లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక చారల కూన దొరికింది. తడిసి ముద్దయి, ఆగి ఉన్న స్కూటర్ ఇంజన్ పక్కన ముడుచుకుని రాత్రంతా అరిచింది. పొద్దున్నే తెచ్చి, తుడిచి, నేరుగా హాల్లో మా బంగారి ముందు దించాను. బంగారికి అప్పటికి ఐదేళ్ళు. ఆడది, నెమ్మదస్తురాలు. చిన్నపిల్ల కదా, దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. బంగారి వెన్ను విల్లులా వంచి, తోక ఉబ్బించి, బుస కొట్టి బీరువా పైకెక్కింది. ఆ రోజంతా దిగలేదు, తిండి ముట్టలేదు. మర్నాడు రాత్రి నా పరుపు మీద మూత్రం పోసింది. ఐదేళ్ళలో ఏనాడూ అలా చేయని పిల్లి!

తప్పు నేను చేశాను. రెండింటినీ విడదీసి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాల్లో చేసిన పనులే ఇక్కడ వరసగా చెబుతున్నాను. మీరు మాత్రం నా మొదటి రోజు తప్పు చేయకండి.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. పిల్లికి ఇల్లంటే గోడలూ తలుపులూ కాదు, వాసన. దాని బుగ్గల్లో, గడ్డం కింద, పాదాల్లో వాసన గ్రంథులు ఉంటాయి. సోఫా అంచుకు ముఖం రాసినా, తలుపు మూలను గీరినా, మీ కాళ్ళకు ఒళ్ళు రుద్దుకున్నా, అది నాదీ అని ముద్ర వేసుకుంటున్నట్టే. మన ఇళ్ళలో పెరిగే పిల్లుల పూర్వీకులు ఆఫ్రికా అడవిపిల్లులు. ఎలుకంత చిన్న ప్రాణుల్ని ఒంటరిగా వేటాడి బతికేవి. వేట పంచుకునే అలవాటు లేని జాతికి, ముక్కూ మొహం తెలియని ఇంకో పిల్లి ఎదురైతే అది చుట్టం కాదు, హద్దు దాటి వచ్చిన మనిషి లాంటిది. అందుకే ముందు వాసన పరిచయం కావాలి, తర్వాత చూపు, ఆ తర్వాతే దగ్గరితనం. ఈ వరస తప్పితే ఎంత ముద్దొచ్చే కూన అయినా గొడవే.

తెచ్చే ముందు చూసుకోవాల్సినవి

మేడ మీదో, సన్‌షేడ్ మీదో కూన కనిపించగానే ఎత్తుకొచ్చేయకండి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. చోటు మార్చేటప్పుడు తల్లి ఒక్కొక్క పిల్లనే నోట కరచుకుని తీసుకెళ్తుంది, మిగతావి కాసేపు ఒంటరిగా ఉంటాయి. కూన శుభ్రంగా ఉండి, పొట్ట నిండుగా ఉండి, నిద్రపోతుంటే తల్లి దగ్గర్లోనే ఉన్నట్టు. దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడండి. చల్లబడిపోయి, తడిసి, ఆగకుండా అరుస్తుంటే అప్పుడు తీసుకోండి.

కూనకు కనీసం 8 వారాలు నిండి ఉంటే మంచిది. తల్లితో, తోడబుట్టిన వాటితో ఆడుకుంటూనే ఎంత గట్టిగా కొరకొచ్చు, గోళ్ళు ఎప్పుడు లోపలికి లాక్కోవాలి అనేది నేర్చుకుంటుంది. 8 వారాల కూన సుమారు 800, 900 గ్రాములు ఉంటుంది. కళ్ళు ఇంకా నీలంగానే ఉంటే బహుశా ఏడు వారాల లోపుదే. ఎంత చిన్నదైనా ఆవుపాలు, గేదెపాలు పోయకండి, విరేచనాలు పట్టుకుంటాయి. తల్లి లేని పసికూనకు పిల్లికూనల కోసం చేసిన పాలపొడి దొరుకుతుంది.

ఇంట్లో ఉన్నది పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాని గండుపిల్లి అయితే కొత్త కూనను తేకముందే ఆపరేషన్ చేయించండి. పెద్ద పిల్లికి ఒంట్లో బాగోలేకపోయినా, ఈ మధ్యే ఇల్లు మారినా, ఇంట్లో పసిబిడ్డ పుట్టినా కొన్నాళ్ళు ఆగండి. దానికి ఒకేసారి రెండు మార్పులు భారం. పదేళ్ళు దాటి, కీళ్ళ నొప్పులతో ఉన్న పిల్లి మీదికి రోజంతా గెంతే కూనను వదలడం గురించి నేనైతే రెండుసార్లు ఆలోచిస్తాను.

మొదట డాక్టరు, తర్వాతే ఇల్లు

వీలైతే కూనను దొరికిన చోటి నుంచి నేరుగా పశువుల డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళండి. పాన్‌ల్యూకోపీనియా అనే జబ్బు ఉంది, చాలామంది పిల్లుల పార్వో అంటారు. వాంతులు, విరేచనాలు, నీరసంతో మొదలై చిన్న కూనల్ని రెండు మూడు రోజుల్లోనే తీసుకుపోగలదు. ఈ వైరస్ మొండిది. ఇంట్లో ఏడాది వరకూ బతికి ఉండగలదు, మన చెప్పులకు అంటుకుని కూడా వస్తుంది. లక్షణాలు బయటపడటానికి రెండు వారాల దాకా పట్టవచ్చు. అందుకే బయట దొరికిన కూన ఎంత హుషారుగా కనిపించినా మొదటి 14 రోజులు వేరే గదిలోనే. పరిచయానికి ఎలాగూ ఆ సమయం కావాలి కాబట్టి ఇది వృథా కాదు. ఈలోపు పెద్ద పిల్లి టీకాల చీటీ తీసి చూడండి. గడువు దాటిపోయి ఉంటే ముందు దానికి వేయించండి.

కూనకు మూడు జబ్బులకు కలిపి వేసే టీకా 8 వారాల దగ్గర మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేస్తారు. రేబిస్ టీకా మూడు నెలలు దాటాక. నులిపురుగుల మందు బరువును బట్టి డాక్టరే చెబుతారు. చెవుల్లో కాఫీపొడి లాంటి మురికి ఉంటే చెవి పురుగులు ఉన్నట్టు. ఒంటి మీద గుండ్రంగా బొచ్చు రాలిన మచ్చ ఉంటే తామర కావచ్చు. అది మీకు, పిల్లలకు, పెద్ద పిల్లికి అందరికీ అంటుకుంటుంది. ఎఫ్‌ఐవీ, ఫీలైన్ ల్యుకేమియా అని పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే రెండు వైరస్‌లు ఉన్నాయి, వాటి పరీక్ష గురించి కూడా అడగండి, కొన్ని చుక్కల రక్తంతో అయిపోతుంది.

బొచ్చులో గెంతే నల్ల పురుగుల కోసం కుక్కల మందు ఎప్పుడూ వాడకండి. వాటిలో చాలావాటిల్లో పెర్మెత్రిన్ ఉంటుంది, పిల్లులకు అది విషం. జ్వరంగా ఉందని పారాసిటమాల్ ముక్క వేస్తే పిల్లి చనిపోతుంది. అందుకే ఇంట్లో అందరికీ ఈ రెండు మాటలూ చెప్పి ఉంచండి.

కూనకు ఒక గది

తలుపు గట్టిగా మూసుకునే గది ఏదైనా సరే. పెద్ద పిల్లి రోజూ పడుకునే గది మాత్రం వద్దు. దాని చోటు లాక్కుని కొత్తదానికి ఇచ్చినట్టవుతుంది. సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లయితే బాత్రూమైనా, నెట్ కట్టిన యుటిలిటీ అయినా, పెద్ద బోనైనా పనికొస్తుంది. కూనకు చిన్న చోటే ధైర్యం కూడా.

బాత్రూమ్ ఇస్తుంటే ఫినాయిల్ వాడటం ఆపేయండి. నేల మీది ఫినాయిల్ పాదాలకు అంటుకుంటుంది, పిల్లి పాదాలు నాకుతుంది, అలా విషం లోపలికి పోతుంది. కలరా ఉండలు తీసేయండి. బకెట్లలో నీళ్ళు నింపి ఉంచకండి. గదిలో అయితే బీరువా వెనక సందు, వాషింగ్ మెషిన్ కింది ఖాళీ అట్టముక్కలతో మూసేయండి.

లోపల ఒక లిట్టర్ టబ్ (పిల్లి మలమూత్రాలకు ఇసుకలాంటి లిట్టర్ పోసి ఉంచే తొట్టి), దానికి దూరంగా తిండి, నీళ్ళు, దాక్కోవడానికి పక్కకు పడుకోబెట్టిన అట్టపెట్టె, గీరడానికి ఒక గోనెసంచి ముక్క, పాత చీర మడత చాలు. టబ్ అంచు కూన ఎక్కగలిగేంత పొట్టిగా ఉండాలి. మరీ చిన్న కూనలు లిట్టర్ నోట్లో పెట్టుకుంటాయి, కాబట్టి మొదట్లో గడ్డ కట్టే రకం కాకుండా మామూలుది, లేదా శుభ్రమైన ఇసుక వాడండి. కూనకు రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. ఉడికించిన కోడిమాంసం ఇస్తుంటే ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయకముందే తీసి పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లుల రక్తాన్ని పాడు చేస్తాయి.

వాసనతో పరిచయం

మొదటి రెండు మూడు రోజులు ఏమీ చేయకండి. కూనను చూసి వచ్చినప్పుడల్లా చేతులు సబ్బుతో కడుక్కోండి, పైన వేసుకున్న చొక్కా గదిలోనే వదిలి రండి. పెద్ద పిల్లి మూసిన తలుపు దగ్గర కూర్చుని కింది సందులో ముక్కు పెడుతుంది. బుస కొట్టవచ్చు. తిట్టకండి, ఎత్తుకుని పక్కకు తీసుకుపోకండి.

కూన ఆరోగ్యంగా ఉందని డాక్టరు చెప్పాక, శుభ్రమైన చిన్న గుడ్డముక్కతో కూన బుగ్గల మీద మెల్లగా రుద్దండి. దాన్ని పెద్ద పిల్లి తిరిగే చోట, దాని గిన్నెకు నాలుగడుగుల దూరంలో నేల మీద వేయండి. మంచం మీద వేయకండి, గిన్నె కింద పెట్టకండి. వెళ్ళి వాసన చూడాలా వద్దా అనేది దాని ఇష్టం. అలాగే పెద్దదాని బుగ్గలు రుద్దిన గుడ్డ కూన గదిలో వేయండి. రోజూ కొత్త గుడ్డ. బంగారి మొదటి గుడ్డను చూసి వెనక్కి నడిచింది. నాలుగో రోజు వాసన చూసి పక్కనే కూర్చుని ఒళ్ళు నాక్కుంది. ఆరో రోజు దాని మీద బుగ్గ రాసింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తే.

ఈ రోజుల్లోనే తిండి పని కూడా మొదలుపెట్టండి. రెండింటికీ ఒకే సమయానికి, తలుపుకు చెరో వైపు గిన్నెలు పెట్టాలి. మొదట తలుపుకు ఆరడుగుల దూరంలో. ప్రశాంతంగా తింటే మర్నాడు అరడుగు దగ్గరికి. తినడం ఆపి తలుపు వైపు గుడ్లప్పగించి చూస్తే మళ్ళీ వెనక్కి. అవతలి వాసన వచ్చినప్పుడల్లా కడుపు నిండుతుందనే అలవాటు పడుతుంది. దీనికోసం బంగారికి ఎంతో ఇష్టమైన ఉడికించిన చేపముక్క, ముళ్ళు తీసి, ఆ తలుపు దగ్గర మాత్రమే పెట్టేదాన్ని.

తలుపుకు చెరో పక్కనా నింపాదిగా తింటున్నాక చోట్లు మార్చండి. పెద్ద పిల్లిని ఇంకో గదిలో ఉంచి కూనను అరగంట హాల్లో తిరగనివ్వండి. తర్వాత కూనను బోనులో ఉంచి పెద్దదాన్ని ఆ గదిలోకి పంపండి. మూలమూలా వాసన చూసుకుంటుంది. ఈ దశ చాలామంది వదిలేస్తారు, నిజానికి ఇదే చాలా గొడవను తగ్గిస్తుంది.

మెష్ తలుపు ఉంటే సగం పని అయినట్టే

మన ఇళ్ళలో దోమల కోసం పెట్టించుకునే మెష్ తలుపు ఇందుకు చక్కగా పనికొస్తుంది. స్టీలు మెష్ అయితే నిశ్చింత. నైలాన్ మెష్‌ను గోళ్ళతో చీల్చేస్తాయి, దాని ముందు ఇంకో అడ్డం కావాలి. మెష్ లేకపోతే చిన్నపిల్లల కోసం అమ్మే గేటు రెండు ఒకదాని మీద ఒకటి కట్టుకోవచ్చు, లేదా తలుపును తాడుతో రెండంగుళాల సందు ఉండేలా బిగించవచ్చు.

మొదటిసారి మెష్ మీద పాత దుప్పటి కప్పి, కింద ఒక జానెడు మాత్రమే ఎత్తండి. రెండు వైపులా తిండి పెట్టండి, అయిదు నిమిషాలు చాలు. తినడం అయిపోకముందే దుప్పటి దించేయండి. గొడవ అయ్యాక ఆపడం వేరు, బాగున్నప్పుడే ఆపడం వేరు. చివర ఎలా ముగిసిందో అదే వాటి మనసులో మిగులుతుంది.

ఇక్కడ మీరు చూడాల్సింది పిల్లి ఒంటిని. కళ్ళు మెల్లగా మూసి తెరవడం, పక్కకు చూడటం, తోక నిటారుగా ఎత్తడం, కూర్చుని ఒళ్ళు నాక్కోవడం మంచి గుర్తులు. రెప్ప వేయకుండా చూడటం, చెవులు వెనక్కి అణచడం, తోక కొస కొరడాలా కొట్టడం, లోపల్నుంచి గుర్రుమనడం అయితే దూరం పెంచండి. ఒక్క బుసకే కంగారు పడకండి. బుస అంటే ఇంతకంటే దగ్గరికి రావద్దని చెప్పడమే. చెప్పనివ్వండి. కూన కూడా ఆ భాష నేర్చుకోవాలి. మా ఇంట్లో ఈ మెష్ దశే పది రోజులు పట్టింది.

ఒకే గదిలో

వరసగా మూడు నాలుగు రోజులు మెష్ దగ్గర ఇద్దరూ ప్రశాంతంగా తిన్నాక, ఒకే గదిలోకి రానివ్వవచ్చు. దానికి ముందు కూనను బాగా ఆడించి అలసిపోనివ్వండి. కర్రకు దారం కట్టి, కొసకు కోడి ఈక కట్టి తిప్పితే చాలు. కడుపు నిండి, ఒళ్ళు అలసిన కూన పెద్ద పిల్లి తోక మీదికి దూకే అవకాశం తక్కువ. ఇంట్లో ఇద్దరు ఉంటే మంచిది, ఒక్కొక్కరు ఒక్కో పిల్లిని ఆడించవచ్చు.

కూనను చేతుల్లో పట్టుకుని పెద్దదాని ముఖం దగ్గర పెట్టకండి. అది బెదిరితే మీ చేతులు చీరుకుపోతాయి. నేల మీద వదిలేయండి. పెద్ద పిల్లికి ఎక్కి కూర్చోవడానికి కూన ఎక్కలేని ఎత్తు ఒకటి ఉండాలి. బీరువా పైన, అటక, కిటికీ గట్టు, ఏదైనా సరే. కూనకు దూరిపోవడానికి అట్టపెట్టె ఉండాలి. మొదటి రోజు పది నిమిషాలు. తర్వాత రోజూ కొంచెం పెంచుతూ పోండి.

పెద్ద పిల్లి గోళ్ళు బయటపెట్టకుండా కూన తల మీద ఒక్కటి వేస్తే మధ్యలోకి వెళ్ళకండి. హద్దులు అలాగే నేర్పుతుంది. కూన దాక్కున్నా వదలకుండా తరమడం, కేకలు పెట్టి కలబడటం, బొచ్చు రాలడం, భయంతో కూన మూత్రం పోయడం అయితే వెంటనే ఆపాలి. చేతులు మాత్రం మధ్యలో పెట్టకండి. పెద్ద దిండో, అట్టముక్కో రెండింటి మధ్య పెట్టి చూపు తెగ్గొట్టండి. ఒక్కోదాన్ని ఒక్కో గదిలో పెట్టి, మెష్ దశకు వెనక్కి వెళ్ళండి. ఒకవేళ మిమ్మల్ని కొరికినా, గీరినా, కారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు డాక్టరును కలవండి. పిల్లి కాటు పైకి చిన్నగా కనిపించినా లోపల చీము పడుతుంది, రేబిస్ టీకా సంగతి కూడా చూడాలి.

మీరు లేనప్పుడు, రాత్రిళ్ళు, రెండూ విడిగానే ఉండాలి. రెండు వారాల పాటు మీ కళ్ళ ముందు ఏ గొడవా లేకుండా గడిచాకే కలిపి వదలండి.

పెద్దదాని రోజు మారకూడదు

ఇన్నాళ్ళూ పొద్దున్నే మీ పక్కన కూర్చుని కాఫీ వాసన చూసే పిల్లి అయితే, అలాగే కూర్చోనివ్వండి. ఇంటికి రాగానే ముందు దాన్ని పలకరించండి. ఇంట్లో రెండో బిడ్డ పుట్టినప్పుడు పెద్దపిల్లను బామ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటుంది కదా, సరిగ్గా అదే పని. దాని గిన్నె, దాని టబ్ కూన వాడకుండా చూడండి. రెండు పిల్లులకు మూడు టబ్బులు, అవీ ఒకేచోట వరసగా కాకుండా వేర్వేరు మూలల్లో. ఒకే మూలన మూడు పెడితే పిల్లి లెక్కలో అది ఒకటే, ఒక పిల్లి దారిలో కూర్చుంటే ఇంకోదానికి దారి ఉండదు. వచ్చినవాళ్ళందరూ కూన చుట్టూ చేరి ముద్దు చేస్తుంటే ఎవరో ఒకరు పెద్దదాని దగ్గర కూర్చోండి.

టబ్ బయట మూత్రం పోస్తే కొట్టకండి, ముక్కు దానిలో పెట్టకండి. అది పగ కాదు, టెన్షన్. సబ్బునీళ్ళతో కడిగి, వాసన పోయేలా ఆరబెట్టండి. అమ్మోనియా ఉండే క్లీనర్లు వద్దు, ఆ వాసన వాటికి మూత్రంలాగే ఉంటుంది.

రెండు విషయాల్లో మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. పెద్ద పిల్లి 24 గంటలు పూర్తిగా తిండి మానేస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయం దెబ్బతింటుంది. మగపిల్లి పదేపదే టబ్‌లోకి వెళ్ళి ముక్కుతూ, చుక్క కూడా రాకుండా బయటికి వస్తుంటే మూత్రం బిగిసినట్టు. రాత్రయినా సరే అప్పుడే తీసుకెళ్ళాలి, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. ఇలాంటి టెన్షన్ రోజుల్లో మగపిల్లులకు ఈ ముప్పు ఎక్కువ.

ఎన్నాళ్ళు పడుతుందని అందరూ అడుగుతారు. ఒకటి రెండేళ్ళ పిల్లి వారం పది రోజుల్లో కూనతో ఆడుకోవచ్చు. వయసు మళ్ళినదానికి నెలలు పట్టవచ్చు. కొన్ని జంటలు ఒకదాన్నొకటి నాక్కుంటూ పడుకుంటాయి, కొన్ని ఎప్పటికీ ఒకే సోఫాకు చెరో చివర కూర్చుంటాయి. రెండోది కూడా మంచి సంసారమే. అవి తింటున్నాయి, నిద్రపోతున్నాయి, భయం లేకుండా ఇల్లంతా తిరుగుతున్నాయి అంటే మీ పని అయినట్టే.

చివరిగా ఒక పని మిగులుతుంది. కూనకు ఐదు నెలలు నిండేలోపు ఆపరేషన్ చేయించండి. నాలుగో నెలలోనే ఆడకూన చూలు కట్టే అవకాశం ఉంది. ఆ రోజు ఆస్పత్రి నుంచి తెచ్చాక నేరుగా కలపకండి. మందుల వాసనకు పెద్ద పిల్లి దాన్ని గుర్తుపట్టదు. మా చారల కూన చిట్టి ఆపరేషన్ అయి వచ్చిన సాయంత్రం, నాలుగు నెలలు పక్కపక్కన పడుకున్న బంగారి దాన్ని చూసి మొదటి రోజులాగే బుస కొట్టింది. చిట్టిని పాత గదిలోనే రెండు రాత్రులు ఉంచి, ఇద్దరూ పడుకునే దుప్పటి దాని కింద పరిచాను. మూడో రోజు పొద్దున తలుపు తీస్తే బంగారి లోపలికి వెళ్ళి, కుట్ల దగ్గర కాసేపు వాసన చూసి, దాని చెవి నాకడం మొదలుపెట్టింది.